కేవీఎమ్ స్విచ్ పక్క పోర్టులో ఉండగా బూట్ అయితే రాస్‌బెర్రీ పై 4 డిస్‌ప్లే రావడం లేదు

విండోస్ 11 డెస్క్‌టాప్, రాస్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్ బోర్డు, కింద 'పై' అన్నది దీన్నే) రెంటికీ కలిపి ఒకే మానిటర్ (2560×1440, 60 హెర్ట్జ్), ఒకే కీబోర్డు. మధ్యలో 2 పోర్టుల హెచ్‌డీఎమ్‌ఐ కేవీఎమ్ స్విచ్ (మానిటర్‌ను, కీబోర్డును ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి మార్చే పెట్టె). పైలో కేబుల్ పవర్ సాకెట్ పక్కనున్న హెచ్‌డీఎమ్‌ఐ 0 పోర్టుకే పెట్టాను.

స్విచ్‌ను 'పై' వైపు ఉంచి దాన్ని బూట్ చేస్తే అంతా బాగుంటుంది. విండోస్ వైపు ఉండగా పై బూట్ అయితే మాత్రం, తర్వాత అటు మార్చినా 'నో సిగ్నల్'. ఎస్‌ఎస్‌హెచ్‌లో (నెట్‌వర్క్ ద్వారా లాగిన్ అయి) చూస్తే పై నడుస్తూనే ఉంది. ఎంచుకోని పోర్టుకు ఈ స్విచ్ మానిటర్ ఈడీఐడీ (ఏ రిజల్యూషన్, సౌండ్ తీసుకోగలదో మానిటర్ చెప్పే సమాచారం) అందించడం లేదు, అందుకే పై అసలు మానిటరే లేదనుకుంటోంది.

కేబుళ్లు రెండూ మార్చాను, తేడా లేదు. కాన్ఫిగ్ ఫైల్లో హాట్‌ప్లగ్ ఫోర్స్ 1 (మానిటర్ ఉన్నట్టే అనుకోమనే సెట్టింగ్) పెట్టాను. కొత్త కేఎమ్‌ఎస్ డిస్‌ప్లే డ్రైవర్ దాన్ని పట్టించుకోదు. కెర్నల్ కమాండ్ లైన్‌లో వీడియో మోడ్‌ను 2560×1440, 60 అని రాసి చివర 'డి' (డిజిటల్ అవుట్‌పుట్‌ను బలవంతంగా ఆన్ చేసే అక్షరం) తగిలిస్తే బొమ్మ వచ్చింది, కానీ సౌండ్ పోయింది. ఈడీఐడీ లేకపోయేసరికి డ్రైవర్ మానిటర్‌ను డీవీఐ (పాత రకం వీడియో కనెక్షన్) స్క్రీన్‌గా లెక్కేసి ఆడియో పంపడం లేదు. నాకు సౌండ్ తప్పనిసరి, మానిటర్ స్పీకర్లే వాడతాను.

కీబోర్డుతో ఇబ్బంది లేదు. ఎన్‌-కీ రోల్‌ఓవర్ (ఎన్ని కీలు ఒకేసారి నొక్కినా గుర్తించే మోడ్) ఆపి 6 కీల మోడ్‌లో పెట్టాక, స్క్రోల్ లాక్ రెండుసార్లు నొక్కితే స్విచ్ ప్రతిసారీ మారుతోంది.

పైకీ స్విచ్‌కీ మధ్య హెచ్‌డీఎమ్‌ఐ ఈడీఐడీ ఎమ్యులేటర్ (మానిటర్ ఈడీఐడీని ఎప్పుడూ అందించే చిన్న అడాప్టర్) పెట్టినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి: దాంతో సౌండ్‌తో సహా డిస్‌ప్లే నిలుస్తుందా, లేక ప్రతి పోర్టుకూ ఈడీఐడీ పట్టి ఉంచే కేవీఎమ్ కొనక తప్పదా?