ఓపెన్‌బాక్స్ షార్ట్‌కట్ కీలకు చిన్న సెట్టింగ్స్ టూల్ రాస్తున్నా, రెండు చోట్ల ఇరుక్కున్నా

గుంటూరు_లైనక్స్ అడిగారు:

మా నాన్నగారి పాత డెస్క్‌టాప్‌లో ఎల్‌ఎక్స్‌డీఈ (తేలికపాటి లైనక్స్ డెస్క్‌టాప్) వేసిచ్చాను. అందులో విండోలు, షార్ట్‌కట్ కీలు చూసుకునేది ఓపెన్‌బాక్స్. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. పొద్దస్తమానం లిబ్రేఆఫీస్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో టైప్ చేస్తుంటారు. షార్ట్‌కట్ కీ ఒక్కటి మార్చాలన్నా నాకు ఫోన్ వస్తుంది. దాని సెట్టింగ్స్ టూల్ ఆబ్‌కాన్ఫ్‌లో థీమ్, ఫాంట్, డెస్క్‌టాప్‌ల సంఖ్య లాంటివి ఉన్నాయి గానీ కీల ఊసే లేదు. కీలు మార్చడానికి ఆబ్‌కీ ఉందిగా అంటారేమో. అందులో 'టాగుల్‌మాక్సిమైజ్' లాంటి పేర్లు చూస్తే ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టేస్తారు. అందుకే పైథాన్, జీటీకే 3 (విండోలు, బటన్లు చూపించే లైబ్రరీ)తో తెలుగులో నేనే ఒకటి రాస్తున్నా. ఎడమవైపు 'ఫైళ్లు తెరువు', 'విండో మూసెయ్', కుడివైపు కీ. అంతే.

మొదటి చిక్కు: ఓపెన్‌బాక్స్ కీలు ఉండే ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌ని పైథాన్‌తో వచ్చే ఎలిమెంట్‌ట్రీ లైబ్రరీతో చదివి సేవ్ చేస్తే కామెంట్లన్నీ ఎగిరిపోతున్నాయి, ప్రతి ట్యాగ్ ముందూ 'ఎన్‌ఎస్0:' అతుక్కుంటోంది. రెండోది: 'కొత్త కీ నొక్కండి' అని బాక్స్ చూపిస్తున్నా. నాన్న సూపర్ (విండోస్ గుర్తున్న కీ), 'ఈ' అక్షరం కలిపి నొక్కగానే నా బాక్స్‌కి ఏమీ అందట్లేదు, ఫైల్ మేనేజర్ తెరుచుకుంటోంది.

పాత_థింక్‌ప్యాడ్:

తమ్ముడూ, ముందు నువ్వు తెరుస్తున్న ఫైల్ ఏదో చూసుకో. ఎల్‌ఎక్స్‌డీఈ సెషన్‌లో ఓపెన్‌బాక్స్ చదివేది 'ఎల్‌ఎక్స్‌డీఈ-ఆర్‌సీ.ఎక్స్‌ఎంఎల్'. ఉత్త 'ఆర్‌సీ.ఎక్స్‌ఎంఎల్' కాదు. రెండూ ఒకే ఫోల్డర్లో ఉండొచ్చు, ఒకటి మార్చి ఏమీ జరగట్లేదేంటని తల పట్టుకునేవాళ్లు బోలెడుమంది.

ఎలిమెంట్‌ట్రీ మామూలుగా కామెంట్లను పారేస్తుంది. పైథాన్ 3.8 నుంచి అందులోని ట్రీబిల్డర్‌కి 'ఇన్‌సర్ట్_కామెంట్స్' ఆప్షన్ ఇచ్చారు, నేమ్‌స్పేస్‌ని (ట్యాగులు ఏ కుటుంబానివో చెప్పే పేరు) ఖాళీ ప్రిఫిక్స్‌తో రిజిస్టర్ చేస్తే ఆ 'ఎన్‌ఎస్0:' కూడా పోతుంది. నన్నడిగితే ఆ తంటాలెందుకు, ఎల్‌ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీకి మారిపో.

లైబ్రరీ ఏదైనా సరే, సేవ్ చేశాక పాత ఫైల్‌తో డిఫ్ (రెండు ఫైళ్ల తేడాలు చూపే కమాండ్) కొట్టి చూడు. మీ నాన్నగారు మార్చింది ఒక్క కీ అయితే ఆ కీబైండ్ (కీకి పనిని కట్టే ట్యాగ్) దగ్గరే తేడా కనిపించాలి. ఫైలంతా తిరగరాసే టూల్‌ని నేనైతే నా మెషిన్ మీదికి రానివ్వను. ఓపెన్‌బాక్స్‌లో ఒక కీబైండ్ లోపల ఇంకో కీబైండ్ పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి నొక్కే గొలుసు కీలు కూడా రాసుకోవచ్చు. నీ టూల్‌కి అవి అర్థం కాకపోతే చూపించకు, కానీ ముట్టుకోకు.

సేవ్ చేసేటప్పుడు నేరుగా అసలు ఫైల్ మీద రాయొద్దు. సగంలో కరెంటు పోయిందనుకో, మిగిలేది సగం ఎక్స్‌ఎంఎల్. అదే ఫోల్డర్లో తాత్కాలిక ఫైల్ రాసి, దానికి అసలు పేరు పెట్టెయ్. అయితే కొంతమంది కాన్ఫిగ్‌ని గిట్ (మార్పుల చరిత్ర దాచే టూల్) ఫోల్డర్లో ఉంచి ఇక్కడ సిమ్‌లింక్ (అసలు ఫైల్‌కి దారి చూపే లింక్) మాత్రమే పెడతారు. పేరు మారిస్తే ఆ లింకే పోతుంది, కాబట్టి ముందు అసలు దారి కనుక్కుని అక్కడ రాయి. ఆ తర్వాత 'ఓపెన్‌బాక్స్ --రీకాన్ఫిగర్' కమాండ్ ఇస్తే చాలు, లాగౌట్ అక్కర్లేదు.

కీబోర్డు_గోల:

రెండోదానికి నేను చెప్తా. సూపర్+ఈని ఓపెన్‌బాక్స్ ముందే ఎక్స్ సర్వర్ (తెర, కీబోర్డు, మౌస్ చూసుకునే ప్రోగ్రామ్) దగ్గర గ్రాబ్ చేసుకుంది, అంటే ఆ కీ నాకే అని పట్టేసుకుంది, అందుకే నీ దాకా రావట్లేదు. బాక్స్ తెరిచి ఉన్నంతసేపూ నువ్వే కీబోర్డు మొత్తాన్ని గ్రాబ్ చెయ్. ఒకరు మొత్తం పట్టుకుని ఉన్నప్పుడు మిగతావాళ్ల విడి కీల గ్రాబ్‌లు పనిచేయవు. జీటీకే 3లో సీట్ గ్రాబ్ అని ఉంది. ఎస్కేప్ నొక్కినా, బాక్స్ మూసినా, పది సెకన్లు ఎవరూ ఏమీ నొక్కకపోయినా వదిలెయ్, లేకపోతే మీ నాన్నగారికి కీబోర్డే పోయినట్టుంటుంది.

ఇంకోటి, మీ ఇంట్లో ఇది తప్పకుండా వస్తుంది. ఆయన తెలుగు లేఅవుట్‌లో ఉండగా సూపర్+కే నొక్కితే నీకు వచ్చేది కే కాదు, 'క' అక్షరం. అదే ఫైల్లో రాసేస్తే రేపు ఫైల్ తెరిచినవాడికి ఏ కీయో అంతుబట్టదు. కీ నొక్కినప్పుడు వచ్చే ఈవెంట్‌లో హార్డ్‌వేర్ కీకోడ్ (లేఅవుట్ ఏదైనా మారని ఆ కీ నంబరు) ఉంటుంది. దాన్ని లేఅవుట్ల జాబితాలో ఇంగ్లీషుతో సరిచూసి 'డబ్ల్యూ-కే' (ఓపెన్‌బాక్స్‌లో డబ్ల్యూ అంటే సూపర్) అనే రాయి.

గుంటూరు_లైనక్స్:

గ్రాబ్ పనిచేసిందన్నా! ఎల్‌ఎక్స్‌ఎంఎల్‌కి కూడా మారాను, కామెంట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ డిఫ్‌లో కీబైండ్‌తో పాటు మొదటి లైన్ కూడా వస్తోంది. పైగా డెస్క్‌టాప్‌కి 'కథలు' అని పేరు పెట్టుకున్నారు నాన్న. అది &#3093; అంటూ ఏవో అంకెలుగా మారింది. ఇంకో మాట, రేపు వేలాండ్‌కి (ఎక్స్ స్థానంలో వస్తున్న కొత్త పద్ధతి) వెళ్లాల్సొస్తే ఇదంతా వృథాయేనా?

పాత_థింక్‌ప్యాడ్:

ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పకపోతే ఎల్‌ఎక్స్‌ఎంఎల్ ఆస్కీలో (తెలుగు అక్షరాలకు చోటులేని పాత ఎన్‌కోడింగ్) రాస్తుంది, ఆ అంకెలు అందుకే. మొదటి లైన్ సంగతి: ఎక్స్‌ఎంఎల్ డిక్లరేషన్‌లో అది సింగిల్ కోట్స్ పెడుతుంది, నీ పాత ఫైల్లో డబుల్ ఉండుంటాయి. డిక్లరేషన్ రాయొద్దని దానికి చెప్పి, పాత లైన్‌ని నువ్వే పైన అతికించు.

వృథా ఏం కాదు. లాబ్‌డబ్ల్యూసీ ఓపెన్‌బాక్స్ బాటలోనే వచ్చిన వేలాండ్ కంపోజిటర్ (తెర మీద విండోలు పేర్చే ప్రోగ్రామ్), దాని సెట్టింగులూ 'ఆర్‌సీ.ఎక్స్‌ఎంఎల్'లోనే. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ 2024 అక్టోబర్‌లో దానికే మారింది. ఫైల్ చదివి రాసే భాగం కాస్త సర్దితే సరిపోతుంది. కీబోర్డు గ్రాబ్ మాత్రం ఎక్స్‌ది, అక్కడ అలా కుదరదు. ఆ ముక్కని ఇప్పుడే వేరే మాడ్యూల్లో పెట్టుకో.