వ్యాయామ కళాశాలలో అమ్మాయిల హాస్టల్: నీడా, నిఘానా?

పాత కాగితాల పురుగు:
అమెరికాలో జర్మన్ వలసదారులు నడిపిన వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ కళాశాల గురించి కొన్నాళ్లుగా చదువుతున్నాను. ఇండియానాపోలిస్‌లో స్థిరపడ్డాక ఆ కళాశాల విద్యార్థినుల కోసం విడిగా వసతిగృహం ఏర్పాటు చేసింది. అది ఆడపిల్లల చదువుకు మేలు చేసిందా, వాళ్లకు ముకుతాడు వేసిందా అన్నది ఇక్కడ తేల్చుకుందామని నా కోరిక.

నేపథ్యం తెలియనివారి కోసం కొంచెం. 1811లో బెర్లిన్ దగ్గర హాసెన్‌హైడెలో ఫ్రీడ్రిష్ లూడ్విగ్ యాన్ ఆరుబయట వ్యాయామశాల తెరిచాడు. అతని బాటలో కసరత్తు చేసేవారికి టర్నర్లు అని పేరు. జర్మనీలో 1848 విప్లవం విఫలమయ్యాక వారిలో చాలామంది అమెరికా చేరి, ఊరూరా సంఘాలు పెట్టుకున్నారు. సంఘాలకు గురువులు కావాలి కదా! అందుకని 1866లో న్యూయార్క్‌లో ఈ శిక్షణాలయం మొదలైంది. అది కాలుగాలిన పిల్లిలా తిరిగింది. 1875లో జార్జ్ బ్రోసియస్ ఆధ్వర్యంలో మిల్వాకీకి, నడుమ కొన్నాళ్లు ఇండియానాపోలిస్‌కు, మళ్లీ మిల్వాకీకి, చివరికి 1907లో తిరిగి ఇండియానాపోలిస్‌కు. 1941లో ఇండియానా విశ్వవిద్యాలయంలో కలిసింది.

నా మట్టుకు నేను హాస్టల్ పక్షం. మిషిగన్ విశ్వవిద్యాలయం 1870లోనే స్త్రీలకు ప్రవేశం ఇచ్చింది. కానీ వాళ్లు ఉండటానికి హెలెన్ న్యూబెరీ, మార్తా కుక్ భవనాలు వచ్చింది 1915లో. అంటే 45 ఏళ్లపాటు చదువుకు తలుపు తీసి, పడుకోవడానికి చోటు మాత్రం మీరే వెతుక్కోండి అన్నారు. దానితో పోలిస్తే, సొంత ప్రాంగణమే లేని ఒక చిన్న కళాశాల విద్యార్థినుల బస గురించి ఆలోచించడం నాకు గౌరవంగానే కనిపిస్తుంది.

కొలతబద్ద:
పురుగుగారూ, మీరు చెప్పిన చరిత్ర బాగుంది, తీర్పే బాగాలేదు. అదే కళాశాలకు సిన్సినాటి నుంచి, సెయింట్ లూయీ నుంచి అబ్బాయిలూ వచ్చారు. వాళ్లకూ ఊరు కొత్తే, వాళ్లకూ ఆకలి వేస్తుంది. వాళ్లను మాత్రం నగరంలో గది వెతుక్కోమన్నారు. అమ్మాయిలకే ప్రత్యేక గృహం ఎందుకు? ఆనాటి అమెరికాలో ఆడపిల్లల హాస్టల్ అంటే గది ఒక్కటే కాదు. గదితోపాటు ఒక పెద్దావిడ, రాత్రి ఇన్ని గంటలకల్లా లోపల ఉండాలన్న షరతు, వచ్చిపోయేవారి మీద కన్ను. ఇవన్నీ అద్దెలో కలిసే ఉంటాయి.

చట్టం కూడా కళాశాలల పక్షమే. 1913లో కెంటకీలో ఒక కేసు నడిచింది. బెరియా కళాశాల తన విద్యార్థులు ఊళ్లోని బయటి భోజనశాలలకు వెళ్లకూడదని నియమం పెట్టింది. గాట్ అనే భోజనశాల యజమాని కోర్టుకెక్కాడు. విద్యార్థుల విషయంలో కళాశాల తల్లిదండ్రుల స్థానంలో ఉన్నట్లేనని కోర్టు తేల్చి, అతని వాదన కొట్టేసింది. ఎక్కడ తినాలో కూడా కళాశాలే చెప్పగలిగిన రోజుల్లో, కళాశాల పెట్టిన ఇంట్లో ఉండటం అంటే ఏమిటో ఊహించుకోండి.

స్వేచ్ఛ కోసం జర్మనీ వదిలి వచ్చామని చెప్పుకున్నవాళ్లు చేయవలసిన పని ఇది కాదు.

మిషిగన్ వీధి బాటసారి:
నేను ఇండియానాపోలిస్‌లోనే ఉంటాను. ఆ కళాశాల నడిచిన జర్మన్ క్లబ్బు భవనం ముందు నుంచి వారానికి రెండుసార్లయినా వెళ్తాను. అది ఉన్న వీధి పేరు మిషిగన్ వీధే కానీ, పైన చెప్పిన మిషిగన్ విశ్వవిద్యాలయానికీ దీనికీ చుట్టరికం లేదు. ఎర్ర ఇటుకల పెద్ద కట్టడం, 1890లలో రెండు విడతలుగా లేచింది. వాస్తుశిల్పులు వానెగట్, బోన్ ద్వయం. ఆ వానెగట్ రచయిత కర్ట్ వానెగట్‌కు తాతగారు. పేరు అప్పట్లో దాస్ డాయిషె హౌస్, అంటే జర్మన్ ఇల్లు. లోపల వ్యాయామశాల, నాటకశాల, నృత్యశాల, వీటన్నిటితోపాటు బీరు సావడి. ఆ రాట్స్‌కెల్లర్‌లో ఇప్పటికీ జర్మన్ వంటకాలు పెడతారు. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్తే, ఉడికించిన క్యాబేజీ పులుపు చూసి నాన్నగారు గోంగూర అడిగారు. సరే, అది వేరే కథ.

కొలతబద్దగారు మరిచిపోతున్న విషయం ఒకటుంది. కళాశాల నడిచింది ఈ క్లబ్బు భవనంలోనే. పిల్లను చదువుకు పంపమంటే, మిల్వాకీలోని తండ్రి మొదట అడిగే ప్రశ్న ‘రాత్రి ఎక్కడ ఉంటుంది’ అనే. ‘బీరు సావడి ఉన్న భవనంలో చదువుతుంది, ఊళ్లో ఎవరింట్లోనో ఉంటుంది’ అంటే ఎంతమంది పంపుతారు? పైగా ఇది చిన్న ఊరేమీ కాదు. 1904లో ఇక్కడ కట్టిన ట్రాక్షన్ టెర్మినల్‌కు చుట్టుపక్కల పట్టణాల నుంచి విద్యుత్ రైళ్లన్నీ వచ్చి చేరేవి.

తరువాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి, జర్మనీ అమెరికాకు శత్రువైంది. 1918లో ఆ భవనం పేరు తీసేసి ఎథీనియం అని పెట్టారు. 1919లో ఇండియానా శాసనసభ ప్రాథమిక తరగతుల్లో జర్మన్ బోధనను నిషేధించింది. అలాంటి ఊళ్లో జర్మన్ ఇంటిపేరున్న అమ్మాయి గది అడిగితే ఇంటావిడ మొహం ఎలా పెట్టేదో నేను ఊహించగలను. ఇప్పుడు మన పిల్లలు విదేశాల్లో గది కోసం ఫోను చేసి, పేరు చెప్పగానే ‘గది ఖాళీ లేదు’ అని వినడం లేదా? అలాంటి రోజుల్లో మనవాళ్లదే ఒక ఇల్లుంటే ఎంత ధైర్యం!

పీఈటీ మేడం:
మీరంతా చట్టం, యుద్ధం అంటున్నారు. నేను ఒళ్లునొప్పుల గురించి చెప్తాను.

నేను వ్యాయామ ఉపాధ్యాయురాలిని. నా శిక్షణ మొదటి ఆరు నెలలు ఒక ఇంట్లో గది తీసుకుని ఉన్నాను. తెల్లవారుజామున మైదానం, పగలు తరగతులు, సాయంత్రం మళ్లీ మైదానం. చెమటతో తడిసిన బట్టలు రోజుకు రెండు జతలు. ఇంటావిడ మంచిదే, కానీ ‘ఎన్ని నీళ్లమ్మా, ఎన్నిసార్లు ఉతుకుడు’ అని నసిగేది. ఆకలికి వేళాపాళా ఉండదు. నెలసరి రోజుల్లో ప్యారలల్ బార్స్ మీద సాధన చేసి వచ్చి, ఎవరికీ చెప్పుకోలేక గోడకు ఆనుకుని కూర్చున్న రాత్రులున్నాయి. హాస్టల్‌కు మారాక పక్క మంచం మీద అదే నొప్పితో ఇంకో అమ్మాయి ఉండేది. ఒకరి కాలికి ఒకరం నూనె రాసుకునేవాళ్లం. మామూలు డిగ్రీ చదివే పిల్లకు గది చాలు. ఒంటితో చదివే చదువుకు ఇల్లు కావాలి.

ఆ రోజుల్లో ఇంకో ఇబ్బంది కూడా ఉండి ఉంటుంది. వాళ్లు కసరత్తుకు బ్లూమర్లు, అంటే మోకాళ్ల దాకా వచ్చే వదులు లాగులు వేసుకునేవాళ్లు. వీధిలో మాత్రం పాదాల దాకా గౌను. అలాంటి లాగు అద్దె ఇంటి పెరట్లో తీగ మీద ఆరేయడం ఒక్కసారి ఊహించుకోండి.

అన్నట్టు, మన కర్లాకట్టలే వాళ్ల ఇండియన్ క్లబ్బులు. ఇక్కడి పహిల్వాన్లు తిప్పేవాటిని బ్రిటిష్ సైనికులు నేర్చుకుని పట్టుకుపోతే, చివరికి అమెరికా అమ్మాయిలు పియానో వాయిద్యానికి అనుగుణంగా తిప్పారు. కళాశాల పాత ఛాయాచిత్రాలు చూసేవారు చేతుల్లో ఏముందో గమనించండి.

కొలతబద్ద:
మేడం, మీ మాట కాదనలేను. నాకు అభ్యంతరం ఇంటి మీద కాదు, ఇంటికి పెట్టిన తాళం మీద.

ఒక చిత్రం చూడండి. 1921లో ఇదే కళాశాల విస్కాన్సిన్‌లోని ఎల్కార్ట్ సరస్సు ఒడ్డున స్థలం కొని, బ్రోసియస్ పేరుతో శిబిరం పెట్టింది. వేసవిలో విద్యార్థినీ విద్యార్థులు అక్కడికి వెళ్లి ఈత, పడవ నడపడం, ఆటలు నేర్చుకునేవారు. సరస్సులో ఈదగల పిల్ల, సాయంత్రం చీకటి పడ్డాక వీధి దాటలేదా? ఒంటికి బలం నేర్పే చదువు అది. ఆ బలాన్ని నమ్మకపోతే నేర్పడం దేనికి? ఈ ప్రశ్నకు జవాబు దొరికిన రోజు నేను మీ పక్షానికి వచ్చేస్తాను.

పాత కాగితాల పురుగు:
జవాబు నాకు తోచినంత చెప్తాను. నమ్మకం లేనిది పిల్లల మీద కాదు, ఊరి నోటి మీద. ఆ అమ్మాయిలు చదువయ్యాక వెళ్లేది బడుల్లో ఉద్యోగానికి. అప్పట్లో చాలాచోట్ల పెళ్లి చేసుకుంటేనే టీచరు ఉద్యోగం పోయేది. అలాంటి పాఠశాల బోర్డుల చెవిలో చిన్న పుకారు పడితే చాలు, పిల్ల చదువంతా బూడిదలో పోసిన పన్నీరే. కళాశాల వాళ్లకు బలమే కాదు, మచ్చలేని పేరు కూడా ఇచ్చి పంపాలి. ఆ పేరుకు కట్టిన ధరే తాళం. ధర ఎక్కువేనని ఒప్పుకుంటాను. వ్యాయామం నేర్పడం, పిల్లల నడవడి కాయడం రెండూ ఒకే చేతిలో పెట్టే అలవాటు ఈ కళాశాల ఒక్కదానిదీ కాదు. మిషిగన్‌లో 1896లో తొలి ‘డీన్ ఆఫ్ విమెన్’గా, అంటే విద్యార్థినుల బాగోగులు చూసే అధికారిగా వచ్చిన ఎలైజా మోషర్ వైద్యురాలు. స్త్రీల వ్యాయామ శిక్షణ కూడా ఆమె చేతిలోనే ఉండేది.

టర్నర్లను ఒక్క గాటన కట్టడం మాత్రం సరికాదు. మిల్వాకీలో మథిల్డె ఆనెకె లాంటి 1848 విప్లవకారిణి ఆడపిల్లల బడి నడుపుతూ ఓటు హక్కు కోసం పోరాడింది. మరోపక్క, ఓటు హక్కు అడిగే స్త్రీలు గెలిస్తే మద్యనిషేధం తెస్తారని భయపడిన జర్మన్ పెద్దలూ కొల్లలు. ఒకే సంఘంలో ఇద్దరూ ఉండేవారు. హాస్టల్ నియమాలు రాసిన చెయ్యి ఏ పక్షానిదో, గోడలు కట్టిన చెయ్యి ఏ పక్షానిదో!

మిషిగన్ వీధి బాటసారి:
పురుగుగారూ, అయితే మీరు సగం కొలతబద్దగారి వైపు జరిగినట్లే. మేడం, మీ హాస్టల్ సంగతి చెప్పనేలేదు. అక్కడ తాళం ఉండేదా?

పీఈటీ మేడం:
ఎందుకుండదు? సాయంత్రం ఆరింటికి. మైదానంలో సాధన ముగిసేదీ ఆరింటికే. రోజూ పావుగంట ముందే బయలుదేరి, బూట్లు చేతిలో పట్టుకుని పరుగెత్తేవాళ్లం. ఆ పావుగంట నేర్చుకోనివి రెండో ఏడు అబ్బాయిలను అడిగి నేర్చుకున్నాను. హాస్టల్ లేకుంటే ఆ చదువు మధ్యలోనే మానేసేదాన్ని. అందుకని హాస్టల్ వద్దనను. తాళంచెవి అమ్మాయిల దగ్గరే ఒకటి ఉంచమని ప్రిన్సిపాల్‌కు అర్జీ రాసి, నలభై రెండు సంతకాలు పెట్టించాం. జవాబు రాలేదు.

కొలతబద్ద:
మరి అబ్బాయిల హాస్టల్ గేటు ఎన్నింటికి వేసేవారు మేడం?

పీఈటీ మేడం:
దానికి గేటు లేదండీ.