సమస్య: నీరు లేక పూలు నిలిచి నవ్వె

ఆటవెలది నాలుగో పాదం. విషయం: డెన్మార్క్ పూల చిత్రకారుడు యోహాన్ లావ్రెంట్స్ యెన్సెన్ (1800–1856). కోపెన్‌హాగెన్ కళా అకాడమీలో చదివి, పారిస్ వెళ్లి వచ్చి, 1825 నుంచి 1840 దాకా రాచ పింగాణీ కర్మాగారంలో ప్రధాన చిత్రకారుడిగా ఉన్నాడు. పూరించండి.

మొదటి పూరణ:

నూనె రంగులద్ది నూలుగుడ్డ పయిని
దీక్షతోడ నొకడు తీర్చి దిద్ద
గాజు పాత్రలోన గంగచుక్కయు లేదు
నీరు లేక పూలు నిలిచి నవ్వె

— ధార బాగుంది. కానీ అక్కడి కాన్వాసు నూలుది కాదండీ, అవిసె నారది. రంగు కలిపే నూనె కూడా అవిసెగింజలదే. ఒకే మొక్క రెండూ ఇస్తుంటే పత్తి ఎందుకు?

— నార పెడితే నూనెతో యతి చెడుతుంది కదండీ.

— యతి కోసం బట్ట మారుస్తామా? ‘నారబట్ట పైని నవ్య వర్ణములద్ది’ అనండి. మూడో పాదమూ చూసుకోండి. యెన్సెన్ పూలు ఎన్నోసార్లు పాత్ర లేకుండానే పాలరాతి గట్టు మీద పడి ఉంటాయి. ఆ గట్టునే పట్టుకుంటే సమస్య తేలిగ్గా విడేది.

రెండో పూరణ:

ఆవమందు కాలి యందమెంతో హెచ్చి
పళ్ళెరముల మీద పరిమళించి
నిప్పు త్రాగి బ్రతికి నిగనిగలాడుచు
నీరు లేక పూలు నిలిచి నవ్వె

— ‘నిప్పు త్రాగి’కి వీరతాడు! పింగాణీ మీద రంగులు వేశాక మళ్లీ కాలుస్తారు, అది తెలిసి రాసిన పద్యం. కొలిమి అనకుండా ఆవం అన్నందుకు మరో మెచ్చుకోలు. పళ్ళేనికి పరిమళం మాత్రం ఎక్కడిది తల్లీ? ‘పల్లవించి’ అంటే గణాలు కదలవు.

మూడో పూరణ:

విద్య గడప లోన వెలదికి చోటేది
గురువు కరుణ చేత కుంచె పట్టి
విరుల గీసి వారె విరులట్లు పూచిరి
నీరు లేక పూలు నిలిచి నవ్వె

(1888 దాకా అకాడమీ ఆడవాళ్లను చేర్చుకోలేదు. పూల చిత్రకారిణి ఎమ్మా థామ్సెన్ యెన్సెన్ దగ్గరే నేర్చుకుంది.)

— అన్నిటికంటే దూరం వెళ్లిన పూరణ ఇదే. ‘వెలదికి’ ఏకవచనం, ‘వారె’ బహువచనం. ‘వెలదుల కెడమేది’ అంటే సరి. అయినా గురువు కరుణ నీరు కాదా అమ్మా?

— అది ఇంటి దగ్గర పోసిన చెంబెడు నీళ్లు బాబాయిగారూ. ఊరి కాలువ వాళ్ల వైపు రాలేదు.

— ఆ మాట పద్యంలోకి రావాలి. రెండో పాదం మళ్లీ రాయండి.