16×12 హాలుకి పెద్ద సబ్‌వూఫర్ ఒకటా, చిన్నవి రెండా?

ప్రశ్న:
హాలు 16 అడుగుల పొడవు, 12 వెడల్పు, స్లాబు ఎత్తు 10. ఇటుక గోడలు, కింద టైల్స్. టీవీ 12 అడుగుల గోడకి, సోఫా దానికి 8 అడుగుల దూరంలో. ఇప్పుడున్న 8 అంగుళాల సబ్ (సబ్‌వూఫర్, బాస్ కోసమే ఉండే స్పీకరు) టీవీ పక్క మూలలో ఉంది. సోఫాలో బాస్ దాదాపు వినపడదు, వెనక గోడ దగ్గర నిలబడితే దద్దరిల్లుతోంది. అదే బడ్జెట్‌లో 12 అంగుళాల పోర్టెడ్ (డబ్బాకి గాలి రంధ్రం ఉన్నది) ఒకటి వస్తుంది, లేదా 10 అంగుళాల సీల్డ్ (పూర్తిగా మూసి ఉన్నవి) రెండు. రిసీవర్‌కి (స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్ పెట్టె) సబ్ అవుట్, అంటే సబ్ తీగ గుచ్చే చోటు, ఒకటే. ఏది తీసుకోమంటారు?

జవాబు 1:
డబ్బు పెట్టేముందు సోఫా జరపండి. 16 అడుగులంటే 4.88 మీటర్లు. శబ్దవేగం సెకనుకు 343 మీటర్లని దాని రెట్టింపుతో భాగిస్తే సుమారు 35 హెర్ట్జ్, ఆ పొడవులో గోడల మధ్య అనునాదమయ్యే స్వరం. ఆ స్వరానికి రెండు చివరి గోడల దగ్గర ఒత్తిడి గరిష్ఠం, నట్టనడుమ సున్నా. మీ సోఫా సరిగ్గా ఆ సున్నా మీదే ఉంది. ఆ మూలలో 18 అంగుళాలది పెట్టినా ఆ గుంత పూడదు. ఈక్వలైజర్‌తో (ఒక్కో స్వరం మోతాదు విడిగా మార్చే అమరిక) 10 డెసిబెల్స్ పెంచితే యాంప్లిఫయర్ మీద పది రెట్ల భారం పడుతుంది, సీట్లో మాత్రం తేడా తెలియదు. 2 అడుగులు వెనక్కి జరిపి వినండి.

ఇంకో సంగతి. అమెరికా ఇళ్లలో చెక్క ఫ్రేము మీద జిప్సం షీట్ గోడలు కొంత బాస్ మింగేస్తాయి. మన ఇటుక, కాంక్రీటు అలా మింగవు. అందుకే ఇక్కడ బాస్ తగ్గే గుంతలూ, పెరిగే గుట్టలూ ఇంకా తీవ్రంగా ఉంటాయి.

జవాబు 2:
నా ఓటు రెండింటికి, కానీ ఎక్కడ పెడతారన్నదే అసలు విషయం. టీవీకి చెరోవైపు పెడితే వెడల్పు వల్ల వచ్చే 47 హెర్ట్జ్ సమస్య తగ్గుతుందే తప్ప మీ 35 అలాగే ఉంటుంది. ముందు గోడ మధ్యలో ఒకటి, వెనక గోడ మధ్యలో ఒకటి పెట్టండి. ఒకే ఫేజ్‌లో (రెండు కోన్లూ ఒకేసారి ముందుకీ వెనక్కీ కదిలేలా) నడిస్తే 35 దగ్గర ఒకదాని పనిని ఇంకోటి రద్దు చేస్తుంది, సీటుకీ సీటుకీ తేడా తగ్గుతుంది. ఆడియో కంపెనీ హార్మన్‌లో టాడ్ వెల్టీ 2002లో చేసిన అధ్యయనంలోనూ ఎదురెదురు గోడల మధ్యలు మంచి ఫలితమిచ్చాయి. రెండూ ఒకే మోడల్ కావాలి. పోర్టెడ్, సీల్డ్ కలిపితే కింది స్వరాల్లో ఫేజ్ కుదరదు.

జవాబు 3:
కనెక్షన్ సంగతి: సబ్ అవుట్‌కి వై స్ప్లిటర్ సరిపోతుంది. రెండు సబ్‌లూ, రిసీవరూ ఒకే స్విచ్‌బోర్డు నుంచి తీసుకోండి, లేకపోతే ఎర్త్ లూప్ (ఎర్త్ తీగలు రెండు దారుల్లో కలవడం) వల్ల హమ్, అంటే గుయ్‌మనే మోత, రావచ్చు. హమ్ పోవడానికి ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ తీసేయకండి. సబ్‌ల మీది క్రాసోవర్ నాబ్ (సబ్ ఏ స్వరం వరకు వాయించాలో చెప్పేది) గరిష్ఠానికి తిప్పి, రిసీవర్‌లో 80 హెర్ట్జ్ పెట్టండి. రెండింటి గెయిన్ (వాల్యూమ్) సమానంగా ఉంచాకే ఆటో క్యాలిబ్రేషన్ (రిసీవర్ మైకుతో తనంతట తాను చేసుకునే సర్దుబాటు). తర్వాత యూఎస్‌బీ మైకుతో ఆర్‌ఈడబ్ల్యూ (REW) అనే గది ధ్వని కొలిచే సాఫ్ట్‌వేర్‌లో కొలవండి, అది ఉచితమే. గుట్టల్ని కోయండి, గుంతల్ని పూడ్చే ప్రయత్నం వద్దు.

జవాబు 4:
ఒక్క మాట: 10 అంగుళాలవి రెండు పెట్టినంత మాత్రాన ఒకటి వెళ్లే లోతు కంటే కిందకి వెళ్లవు. గట్టిదనం మాత్రం 6 డెసిబెల్స్ వరకు పెరుగుతుంది. సినిమాల్లో 20 హెర్ట్జ్ ప్రకంపనే కావాలి, వినేది ఒక్కరే అంటే, మంచి చోటు వెతికి 12 పోర్టెడ్ పెట్టడమే మేలు. ఆ చోటు దొరకాలంటే సబ్‌ను సోఫా మీద పెట్టి బాస్ టోన్లు నడిపి, గోడల వెంట వంగి తిరుగుతూ వినండి. ఎక్కడ సమంగా వినిపిస్తే సబ్ అక్కడ.

ప్రశ్న అడిగినవారు:
వెనక గోడ మధ్యలో బాల్కనీ తలుపు ఉంది. ఎలా?

జవాబు 2:
అయితే పక్క గోడలకు పెట్టండి, రెండూ టీవీ గోడకి 8 అడుగుల దగ్గర, ఎదురెదురుగా. అక్కడ 35 సున్నా కాబట్టి సబ్‌లు దాన్ని రేపవు, 47 ఒకదానితో ఒకటి రద్దవుతుంది. మధ్య సీటుకి రెండూ సమదూరం, కాబట్టి డిలే (శబ్దం చేరే సమయంలో తేడా) సర్దే పనీ లేదు. 70 (35కి రెట్టింపు) దగ్గర గుట్ట మిగులుతుంది, దాన్ని ఈక్వలైజర్‌తో కోసేయొచ్చు.