అన్ని ట్రాకులూ కలిపితే సౌండ్ పగులుతోంది (చెక్కభజన పాట, రీపర్)

కావలి_హార్మోనియం

చెక్కభజన పాట ఒకటి రీపర్ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో మిక్స్ చేస్తా ఉండాం. ట్రాకులు 26. లీడ్ గొంతు 1, కోరస్ 9, చెక్కలకి 3 మైకులు, డోలక్‌కి రెండు పక్కలా 2, డప్పు 2, తాళాలు 2, గజ్జెలు 1, హార్మోనియం 2, కీబోర్డు 4. అన్నీ 44.1 కిలోహెర్ట్జ్, 24 బిట్. యూఎస్‌బీ మిక్సర్ నుంచి రికార్డు చేసినవి.

ఒక్కో ట్రాకు సోలో పెట్టి వింటే శుభ్రంగానే ఉండాది. అందరూ కలిసి పల్లవి ఎత్తుకోగానే బరబరమని పగులుతుంది. ట్రాకులన్నీ కలిసే మాస్టర్ మీటరు ఎరుపెక్కి +8.6 డీబీ చూపించింది. మాస్టర్ మీద పాత టేపు మాదిరి రంగిచ్చే టేప్ శాచురేషన్ ప్లగిన్ (ఎఫెక్టు) ఒకటి, దాని తర్వాత లెవెల్‌ని ఒక గీత దాటనీయని లిమిటర్ పెట్టినాం. ఎరుపు పోయింది గానీ పగులు పోలేదు, పైగా దుప్పటి కప్పినట్టయింది. డోలక్ దెబ్బ పడ్డప్పుడల్లా గొంతులు లోపలికి పోతా ఉండాయి. మాస్టర్ ఫేడర్ 10 డీబీ దించినా అదే పగులు, కాకపోతే చిన్నగా.

ఒక వీడియోలో చెప్పారని ట్రాకులన్నిటినీ ముందే 0 డీబీకి నార్మలైజ్ చేసినాం (ఒక్కోదాని పెద్ద పీక్ 0కి తగిలేట్టు పెంచినాం). ఇది కాక అప్పుడప్పుడు చిట్ చిట్‌మని వేరే శబ్దం వస్తుంది. పాట తిరునాళ్ళలో మైకుసెట్టు మీద వేయాల, యూట్యూబులో కూడా పెట్టాల. తప్పు ఎక్కడ?

ఒంగోలు_ఫేడర్

అన్నా, మీరు రెండు జబ్బుల్ని ఒకే మాటలో చెబుతున్నారు. ముందు విడదీయండి. పల్లవి దగ్గర ఒక నాలుగు బార్లు సెలెక్ట్ చేసి, అదే ముక్క మూడుసార్లు ప్లే చేయండి. ప్రతిసారీ అదే అక్షరం మీద, అదే దెబ్బ మీద పగిలితే అది లెవెల్ తప్పు. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ చిట్‌మంటే అది కంప్యూటర్ అందుకోలేకపోవడం. మొదటిది ఫైల్లోకి కూడా ఎక్కుతుంది. రెండోది మామూలుగా రెండర్‌లో (పాటని ఫైలుగా రాసేటప్పుడు) రాదు, ఎందుకంటే రెండర్‌కి తొందరేమీ లేదు, లెక్క పూర్తయ్యాకే రాస్తుంది.

రెండోది తేలిక కాబట్టి ముందు అది ముగిద్దాం. బఫర్ అంటే కంప్యూటర్ ఒక్కసారికి లెక్కచేసే శాంపిళ్ళ ముక్క. 256 శాంపిళ్ళ బఫర్ అంటే 44.1 దగ్గర 5.8 మిల్లీసెకన్లు. 26 ట్రాకుల ప్లగిన్‌లన్నీ అంతలోపు లెక్క తేల్చాలి, తేల్చలేకపోతే ఒక ముక్క ఎగిరిపోయి చిట్‌మంటుంది. రికార్డింగ్ అయిపోయింది కదా, ఇక తక్కువ బఫర్‌తో పనిలేదు. 1024 పెట్టండి, 23 మిల్లీసెకన్లు దొరుకుతాయి. డ్రైవర్ మీ మిక్సర్ కంపెనీ ఇచ్చిన ఏసియో (ఆలస్యం తక్కువుండే ఆడియో డ్రైవర్) ఉంటే అదే వాడండి, అది లేకపోతేనే ఏసియోఫోర్‌ఆల్ అనే సాధారణ డ్రైవర్. కంట్రోల్, ఆల్ట్, పి నొక్కితే పెర్ఫార్మెన్స్ మీటరు వస్తుంది, ఏ ట్రాకు ఎక్కువ తింటుందో అందులో తెలుస్తుంది. వైఫై ఆపి ఒకసారి, ల్యాప్‌టాప్ పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టి ఒకసారి చూడండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు మాత్రమే జుయ్‌మని ఆగకుండా వస్తే అది ఈ రెండూ కాదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ రొద. చార్జర్ పీకి బ్యాటరీ మీద వింటే తేలిపోతుంది.

ఇక అసలు పగులు. ప్రాజెక్టుని 32 బిట్ ఫ్లోటింగ్ పాయింట్ వేవ్‌గా (0 దాటినా తెగని రకం ఫైలు) రెండర్ చేయండి. ఆ ఫైలుని కొత్త ప్రాజెక్టులో వేసి, ఐటమ్ వాల్యూమ్ 12 డీబీ తగ్గించి వినండి. పగులు మాయమైతే లోపల అంతా బాగానే ఉంది, సౌండ్‌కార్డు దగ్గరే తెగుతోంది. పగులు అలాగే ఉంటే లోపలే ఎక్కడో ఒక ప్లగిన్‌లోనో, రికార్డింగ్‌లోనో తెగింది. అలాంటప్పుడు మాస్టర్ ఫేడర్ ఎంత దించినా ఉపయోగం లేదు.

పెన్నాగట్టు_సౌండ్

పై టెస్టు సరైనదే, తప్పక చేయండి. చివరి మాటకి మాత్రం చిన్న సవరణ. మాస్టర్ ఫేడర్ దించితే ఎప్పుడూ ఉపయోగం లేదని జనం అనుకుంటారు, అది సగమే నిజం. రీపర్ లోపల లెక్క 64 బిట్ ఫ్లోట్‌లో నడుస్తుంది. అక్కడ 0 దాటినంత మాత్రాన ఏదీ తెగదు. మాస్టర్ మీద ప్లగిన్‌లు ఏమీ లేకపోతే +8.6 వచ్చినా ఫేడర్ 10 దించితే చాలు, తీగలా వస్తుంది.

మీ దగ్గర పనిచేయనిది ఎందుకంటే మాస్టర్ ప్లగిన్‌లు ఫేడర్ కంటే ముందు ఉంటాయి. +8.6 వెళ్ళి నేరుగా టేప్ ప్లగిన్‌ని గుద్దుతోంది. ఇలాంటి అనలాగ్ నమూనా ప్లగిన్‌లలో చాలావాటికి మామూలు స్థాయి సగటున -18 డీబీ దగ్గర. అంతకంటే బాగా పైన తోస్తే అది నమిలి ఇస్తుంది. నమిలినదాన్ని లిమిటర్ పిండుతుంది. ఆ తర్వాత ఫేడర్ దించడమంటే చెడిన సాంబారుని చిన్న గిన్నెలో పోసినట్టు.

0 డీబీకి నార్మలైజ్ చేయడమే ఇక్కడ మూలం. ఒకదానితో ఒకటి సంబంధంలేని రెండు శబ్దాలు సమాన లెవెల్లో కలిస్తే 3 డీబీ పెరుగుతుంది. అచ్చంగా ఒకటే అయితే 6 డీబీ. సమానమైన 20 ట్రాకులు కలిస్తే సగటున 13 డీబీ దాకా పెరిగినట్టు. చెక్కభజనలో ఇంకో చిక్కు ఉంది: సమం మీద చెక్కలు, తాళాలు, డప్పు, డోలక్ అన్నీ ఒక్కసారే పడతాయి. పైగా మూడు చెక్కల మైకులూ వింటున్నది ఒకే చెక్కల్ని. అందుకే ఆ దెబ్బ మీద పీక్ సగటు లెక్కని మించి లేస్తుంది. చెక్కల పీక్ చెవికి పెద్దగా వినిపించదు, చిటుక్కుమని ఒకటి రెండు మిల్లీసెకన్లలో అయిపోతుంది. మీటరు మాత్రం దాన్నే చూస్తుంది, లిమిటర్ కూడా దాన్నే పట్టుకుని పాటంతా కిందికి లాగుతుంది. గొంతులు లోపలికి పోవడంలో సగం పాపం చెక్కలదే, డోలక్ మీద నింద పడుతోంది.

చేయాల్సింది ఇది. మాస్టర్ ప్లగిన్‌లన్నీ ఆపండి, మాస్టర్ ఫేడర్ 0కి తెచ్చి ఇక ముట్టుకోవద్దు. ఐటమ్స్ అన్నీ సెలెక్ట్ చేసి ఎఫ్2 నొక్కి ఐటమ్ వాల్యూమ్ -14 పెట్టండి. ఫేడర్లతో ఎందుకు వద్దంటే, రీపర్‌లో ఐటమ్ వాల్యూమ్ ప్లగిన్‌లకి ముందు, ట్రాక్ ఫేడర్ ప్లగిన్‌ల తర్వాత. ముందు దించితే ట్రాకుల మీదున్న ప్లగిన్‌లకీ ఊపిరి ఆడుతుంది. అయితే ట్రాకుల మీద కంప్రెసర్ (పెద్ద శబ్దాల్ని అణిచే ప్లగిన్) ఉంటే దాని థ్రెషోల్డ్ (అది పని మొదలుపెట్టే లెవెల్) కూడా అదే 14 దించాలి, లేకపోతే అది పనిచేయడమే మానేస్తుంది. ఆపైన ఫేడర్లన్నీ మూసి, లీడ్ గొంతు, డోలక్ ముందు ఎత్తండి. మిగిలినవి ఒక్కొక్కటీ కలుపుతూ రండి. అందరూ పాడే చోట మాస్టర్ పీక్ -6 దగ్గర నిలబడాలి.

కోరస్ తొమ్మిదింటికీ రీపర్‌లోనే ఉండే రీయాఈక్యూలో హై పాస్ (కింది స్వరాల్ని కోసేది) 100 హెర్ట్జ్ పెట్టండి (ఆడగొంతులైతే 140 దాకా పోవచ్చు). తొమ్మిది మైకుల్లోకి పడిన డోలక్ ధుం ధుం పోతుంది. ఒక్కోదాంట్లో అది వినపడదు, తొమ్మిదీ కలిస్తే అదే ఒక ట్రాకంత అవుతుంది.

కావలి_హార్మోనియం

చేసి చూసినాం.

బఫర్ 1024 పెట్టి, వైఫై ఆపితే చిట్ చిట్ పూర్తిగా పోయింది. 32 బిట్ ఫ్లోట్ ఫైలు 12 దించినా పగులు అట్టనే ఉండాది, అంటే లోపలిదే. మాస్టర్ ప్లగిన్‌లు తీసేసి -14 చేసినాక ముప్పాతిక భాగం పోయింది. పీక్ -5.2.

మిగిలింది రెండు చోట్ల. ఒకటి, డోలక్ బేస్ వైపు దెబ్బ పడితే తోక గరగరమంటుంది. దాని మీద రీయాకాంప్ అనే కంప్రెసర్ ఉండాది, అటాక్ (పట్టుకునే సమయం) 0, రిలీజ్ (వదిలే సమయం) 5 మిల్లీసెకన్లు. ఆపితే గరగర లేదు, కానీ దెబ్బలు ఎక్కువ తక్కువ అవతా ఉండాయి. రెండు, రెండో చెక్కల మైకు. సోలోలో బాగుందనుకున్నాం గానీ హెడ్‌ఫోన్‌లో వింటే గీరినట్టుండాది. ప్లగిన్ ఒక్కటి కూడా లేదు దాని మీద.

కందుకూరు_24బిట్

డోలక్ సంగతి రిలీజే. బేస్ వైపు స్వరం ఉజ్జాయింపుగా 80 హెర్ట్జ్ అనుకుంటే ఒక అల పూర్తవడానికి 12.5 మిల్లీసెకన్లు పడుతుంది. మీ కంప్రెసర్ 5 మిల్లీసెకన్లలో వదిలేస్తోంది. అంటే ఒకే అల లోపల పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుంటోంది. వాల్యూమ్ సరిచేయాల్సింది పోయి అల ఆకారాన్నే చెక్కేస్తోంది. అటాక్ 15, రిలీజ్ 120, రేషియో 3కి 1, గెయిన్ తగ్గుదల 3 నుంచి 5 డీబీ దాటకుండా థ్రెషోల్డ్ పెట్టండి. దెబ్బ మొన నిలుస్తుంది, తోక నున్నగా వస్తుంది. లిమిటర్‌కీ ఇదే సూత్రం: రిలీజ్ మరీ కురచగా పెడితే గట్టిగా వినిపిస్తుంది, కింది స్వరాలు మాత్రం నలుగుతాయి.

చెక్కల మైకు రికార్డింగ్‌లోనే పోయింది. జూమ్ చేసి ఒక్కో అల కనిపించేదాకా వెళ్ళండి. శిఖరాలు కత్తితో కోసినట్టు చదునుగా ఉంటాయి. మీరు నార్మలైజ్ చేశారు కాబట్టి ఆ చదును ఇప్పుడు 0 దగ్గరుంటుంది, దాన్నిబట్టి ఏమీ చెప్పలేం. అసలు ఫైలు తెరిచి చూడండి. చదును సరిగ్గా 0 దగ్గరుంటే శబ్దాన్ని అంకెలుగా మార్చే ఏడీ కన్వర్టర్ నిండిపోయింది. -3 లాగా కింద ఎక్కడో ఉంటే కన్వర్టర్ కంటే ముందే, మిక్సర్ ఛానెల్ ప్రీయాంప్‌లోనే (మైకు సిగ్నల్‌ని పెంచే భాగం) తెగింది. ఆ తర్వాత ఫేడర్ దించి పంపారు. రెండో రకంలో కంప్యూటర్ మీటరు చివరిదాకా పచ్చగానే ఉంటుంది, అందుకే ఎవరూ పట్టుకోరు. మిక్సర్ మీద ఆ ఛానెల్ పీక్ లైటు ఒక్కటే సాక్షి.

మూడు మైకులూ ఒకే చెక్కలవి కాబట్టి మందు కంటే తీసేయడం మేలు. ఒకటి, మూడు ఉంచండి, ఒకదాని పోలారిటీ తిప్పి (అలని తలకిందులు చేసి) విని, ఏది నిండుగా ఉంటే అది పెట్టండి. ఉంచి తీరాలంటే అడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో, తెగిన శిఖరాల్ని తిరిగి కట్టే క్లిప్ ఫిక్స్ ఉంది. మొదట థ్రెషోల్డ్ 95 శాతం, తగ్గింపు -9 డీబీ అలాగే ఉంచండి, తిరిగి కట్టిన శిఖరాలకి ఆ జాగా కావాలి. అక్కడక్కడా నాలుగైదు శాంపిళ్ళు తెగినచోట బాగానే కుడుతుంది. ప్రతి దెబ్బా తెగి ఉంటే అతుకులే వినిపిస్తాయి.

ఈసారి రికార్డు చేసేటప్పుడు చెక్కల మైకు గెయిన్ మామూలు వాయింపుకి కాదు, చరణం చివర అందరూ ఊపు మీదున్నప్పటి వాయింపుకి పెట్టండి. ఆ ఊపులో పీక్ -10 దాటకూడదు. 24 బిట్ అంటే లెక్కప్రకారం 144 డీబీ జాగా, పది డీబీ వదిలేస్తే రొద వస్తుందనే భయం అక్కర్లేదు. కీబోర్డుని మైకు సాకెట్‌లో కాక లైన్ సాకెట్‌లో పెట్టండి. ఈ తప్పు ఊరూరా కనిపిస్తుంది.

కావలి_హార్మోనియం

అసలు ఫైల్లో చదును -2.7 దగ్గరుండాది. అంటే మిక్సర్లోనే. రెండో మైకు తీసేసి, మూడోదానికి పోలారిటీ తిప్పితే చెక్కలు ఇంకా బాగా పలికినాయి. డోలక్ 15, 120 తో కుదిరింది. ఇప్పుడు ఎక్కడా పగులు లేదు. ఇక రెండర్ ఎట్టా చెయ్యాల? ఇంతకు ముందు చేసిన ఎంపీ3 ఫోన్‌లో వింటే వేవ్ కంటే అన్యాయంగా ఉండింది.

పెన్నాగట్టు_సౌండ్

ఎంపీ3 చేసేటప్పుడు అల మళ్ళీ కొత్తగా కట్టబడుతుంది, పీక్‌లు వేవ్‌లో ఉన్నదానికంటే కాస్త పైకి లేస్తాయి. వేవ్ సరిగ్గా 0కి ఆనుకుని ఉంటే ఎంపీ3 దాటిపోతుంది. లిమిటర్ ఇప్పుడు తిరిగి పెట్టండి, టేప్ ప్లగిన్ వద్దు. సీలింగ్ (దాటనీయని గీత) -1 డీబీ, ట్రూ పీక్ (శాంపిళ్ళ మధ్య లేచే పీక్‌లనీ చూసేది) ఆన్. తగ్గుదల 3 డీబీకి మించితే లిమిటర్ మీద పడకండి, చెక్కల ఫేడర్ ఒక డీబీ దించండి. ఎంపీ3 320 కేబీపీఎస్‌లో చేయండి. 128 తప్పదంటే సీలింగ్ -2.

యూట్యూబుకి -14 లఫ్స్ (చెవికి వినిపించే సగటు గట్టిదనం కొలత) దగ్గర ఆపండి. -8కి తోసినా అది తిరిగి దించేస్తుంది, నలిగిన డోలక్ మాత్రం మీకే మిగులుతుంది. అక్కడికి ఎంపీ3 కాకుండా వేవ్ ఆడియోతోనే వీడియో కట్టండి.

మైకుసెట్టుకి వేరే కాపీ. హారన్ గొట్టాలు కింది స్వరాల్ని పలకవు, ఊరికే డ్రైవర్ యూనిట్ అదిరి పగిలినట్టు వినిపిస్తుంది. మిక్స్ మీద 150 హెర్ట్జ్ హై పాస్ వేసి, మోనోగా రెండర్ చేయండి. స్టీరియోలో ఒక పక్కకి తోసిన తాళాలు ఒకే ఛానెల్ తగిలించే యాంప్లిఫయర్‌లో అసలు రాకుండా పోతాయి. మోనో చేశాక ఒకసారి వినండి, పోలారిటీ తిప్పిన మూడో చెక్కల మైకు సన్నబడితే ఈ కాపీలో దాన్ని మ్యూట్ చేయండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, వీడియోగా పంపితే మళ్ళీ పిండుతుంది. ఫోన్ నుంచి యాంప్లిఫయర్‌కి వైరు తగిలించేటప్పుడు మైకు సాకెట్ కాదు, ఆక్స్ సాకెట్ అని సెట్టు అతనికి ముందే చెప్పండి.