140 వ్యాసాలు పెడితే గూగుల్‌లో ఆరు పేజీలే కనిపిస్తున్నాయి, కారణం ఏమై ఉంటుంది?

పొలంగట్టు:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఒక వ్యవసాయ మాసపత్రికకు ఏళ్ల తరబడి రాసిన వ్యాసాలను, ముఖ్యంగా వరి, మిరప, పత్తి తెగుళ్ల మీద రాసినవాటిని, 140 దాకా ఒక వెబ్‌సైటులో చేర్చాను. నాలుగు నెలలు దాటినా గూగుల్‌లో మొదటి పేజీతో కలిపి ఆరే కనిపిస్తున్నాయి. సెర్చ్ కన్సోల్‌లో (మన సైటు గూగుల్‌లో ఎలా ఉందో చూపే గూగుల్ సాధనం) సైట్‌మ్యాప్ (పేజీల చిరునామాల జాబితా) సక్రమంగా అందినట్టే ఉంది కానీ, మిగిలిన పేజీలన్నిటి ఎదుటా ‘క్రాల్ అయింది, ప్రస్తుతం ఇండెక్స్ కాలేదు’ అని వస్తోంది. అందుకని వారం వారం సైట్‌మ్యాప్‌ను మళ్లీ పంపుతున్నాను. ఈ మధ్య ఒక సంస్థవారు ఫోన్ చేసి, 15,000 రూపాయలు ఇస్తే నెల తిరిగేలోగా మొదటి స్థానంలో నిలబెడతామన్నారు. నాన్నగారి కళ్లముందే ఈ వ్యాసాలు రైతులకు అందాలని నా కోరిక. తెలిసినవారు దారి చూపగలరు.

అచ్చుగది:
పొలంగట్టు గారూ, ముందుగా ఆ డబ్బు ఇవ్వకండి. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే చెబుతుంది.

ఇక అసలు విషయం. పేజీ ఉందని గూగుల్‌కు తెలిసినా ఇంకా వచ్చి చూడకపోతే కన్సోల్‌లో వేరే మాట ఉంటుంది; రోబోట్స్ ఫైలు (ఏ పేజీలు చూడకూడదో చెప్పేది) అడ్డుపడినా, పేజీలో నోఇండెక్స్ (ఇండెక్స్ చేయవద్దు) అన్న గుర్తు ఉన్నా ఆ సంగతి విడిగా చెబుతుంది. మీ విషయంలో గూగుల్ వచ్చి, పేజీని చదివి, తన ఇండెక్స్‌లో (వెతికితే చూపే పేజీల సూచీలో) చేర్చుకోకుండా వదిలి వెళ్లింది. పేజీల చిరునామాలు తెలియజేయడం వరకే సైట్‌మ్యాప్ పని కాబట్టి, దాన్ని ఎన్నిసార్లు పంపినా ఈ చిక్కు తీరదు. చదివినప్పుడు దానికి ఏం కనిపించిందన్నదే మనం చూడవలసింది.

ఆ వ్యాసాలు పత్రికవారి డీటీపీ (అచ్చు కోసం కంప్యూటరులో పేజీలు కూర్చిన) ఫైళ్ల నుంచి తీసుకున్నవైతే, నా అనుమానమంతా ఫాంటు మీదే. అను వంటి పాత ఫాంట్లలో తెర మీద తెలుగు కనిపిస్తుంది గానీ, లోపల దాచినవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. అన్ని భాషల లిపులకూ ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ సొంత స్థానం ఉంది. సెర్చ్ ఇంజిను గుర్తుపట్టేది ఆ అక్షరాలనే. మీ పేజీలోని ఒక వాక్యాన్ని కాపీ చేసి, ఫోనులో మీకు మీరే సందేశంగా పంపుకొని చూడండి.

పొలంగట్టు:
అచ్చుగది గారూ, మీ అనుమానం నిజమే. అతికించిన చోట ఒక్క తెలుగు అక్షరం కూడా లేదు. కనిపిస్తున్న ఆరు పేజీలూ నేను స్వయంగా ఫోనులో టైపు చేసినవేనని ఇప్పుడు అర్థమైంది. అన్నిటినీ మళ్లీ టైపు చేయవలసిందేనా?

అచ్చుగది:
అక్కర్లేదు, పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అయితే మార్పిడిలో ఒత్తులు, సున్నాలు తారుమారు కావడం నా అనుభవంలో మామూలే గనక, ప్రతి వ్యాసాన్నీ అచ్చుప్రతితో సరిచూడాలి. మందు మోతాదుల అంకెలను మాత్రం రెండుసార్లు చూడండి, అక్కడ తప్పు దొర్లితే నష్టపోయేది రైతు. పేజీలను స్కాన్ చేసి బొమ్మలుగా పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి.

సుడిగాలి:
మీ సైటు చూశాను. ఫాంటు మార్చాక చేయవలసినవి ఇంకా ఉన్నాయి. 140 పేజీలకూ ‘నాన్నగారి వ్యాసాలు’ అనే ఒకే శీర్షిక ఉంది. రైతు వెతికేది తెగులు పేరుతో, లేదా కంటికి కనిపించిన లక్షణంతో. ‘వరిలో సుడిదోమ నివారణ’, ‘వరి అగ్గితెగులు లక్షణాలు’ అని ఏ వ్యాసానికి ఆ శీర్షిక పెట్టండి. చాలామంది ఇవే మాటలను ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేస్తారు కనుక, వ్యాసం మొదట్లో ఒక్కసారి ఆ రూపం కూడా ఇవ్వడం మంచిది. పేజీ నిండా గుప్పిస్తే మాత్రం చదివేవారికి విసుగు. పైగా మీ వ్యాసాలకు సైటులోని వెతుకుపెట్టె తప్ప వేరే దారి లేదు. క్రాలరు (పేజీలను చదువుతూ తిరిగే గూగుల్ ప్రోగ్రాము) పెట్టెలో మాటలు టైపు చేసి వెతకదు, లింకులు పట్టుకొని నడుస్తుంది. పైరుకొక పట్టిక పేజీ కట్టి, అందులోంచి ప్రతి వ్యాసానికీ లింకు ఇవ్వండి.

పొలంగట్టు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మిరప వ్యాసాలతో మొదలుపెట్టాను, నాన్నగారే కళ్లజోడు పెట్టుకొని సరిచూస్తున్నారు. చివరిగా ఒక సందేహం: పేజీ చిరునామాలు కూడా తెలుగు లిపిలోకి మార్చాలా?

సుడిగాలి:
అవసరం లేదు. తెలుగు చిరునామాలను గూగుల్ చదవగలదు. కానీ ఒక్కో తెలుగు గుర్తు యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతి) మూడు బైట్లు, లింకు కాపీ చేసినప్పుడు ఒక్కో బైటు % గుర్తుతో కలిపి మూడు అక్షరాలు కావడంతో, అది తరచుగా తొమ్మిది అక్షరాలై సాగుతుంది. గుణింతపు గుర్తులతో కలిపి ఆరు గుర్తులున్న ‘తెలుగు’ అన్న ఒక్క మాటే 54 అక్షరాలవుతుంది. ఇప్పుడున్న పొట్టి చిరునామాలనే ఉంచండి. ఇండెక్స్ అయిన ఆ ఆరింటి చిరునామాలను అసలు కదపకండి. ఎప్పుడైనా మార్చక తప్పకపోతే పాతదాని నుంచి కొత్తదానికి 301 దారిమళ్లింపు (చిరునామా శాశ్వతంగా మారిందని చెప్పేది) పెట్టండి.