సమస్య: చదువనట్టి పుస్తకమదె చాల నేర్పె

తేటగీతి అనే నాలుగు పాదాల పద్యానికి చివరి పాదం ఇది; ముందు మూడు పాదాలు కట్టి పద్యం నింపడమే పూరణ. ఈ సెలవుల్లో తీరిగ్గా, మన కోసం మనం చదువుకున్న చదువే వస్తువు. పరీక్షకో ఉద్యోగానికో చదివింది లెక్కలోకి రాదు. గణాలు (పాదాన్ని విడగొట్టే అక్షరాల గుంపులు) తెలిసినవే: ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కుదరడం, నాలుగో గణం మొదటి అక్షరానికి. ప్రాస (ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకటే కావడం) బెడద లేదు.

మొదటి పూరణ:

కొన్న పుస్తకాల్ తలకడ కొండలయ్యె
సెలవులయిపోయె ఫోనుపై చేయి విడక
దుమ్ము తుడిచెడి వేళలో తోచె నాకు
చదువనట్టి పుస్తకమదె చాల నేర్పె

— తమ్ముడూ, రెండో పాదం మా ఇంట్లోంచి తీసుకెళ్లావా? సె–చే యతిమైత్రి కూడా హాయిగా కుదిరింది. "తోచె నాకు" మాత్రం ఉట్టి పూరకం. ఏం నేర్పిందో చెప్పకుండా సమస్యను తెచ్చి అతికించావు. ఆ పాదాన్ని ఇలా మార్చి చూడు: "దుమ్ము తుడువగ నా యాశ తూకమిదని". ఇప్పుడు నేర్పిందేమిటో తేలింది.

రెండో పూరణ:

పొత్తమొక్కటే వేసవి పూటపూట
తొలుత కథ కోసమై, మలి తూరి నుడికి
పిదప విడిచిన చోటుకై పేజి తిప్ప
చదువ, నట్టి పుస్తకమదె చాల నేర్పె

— అమ్మా, నమస్కారం. "చదువన్ + అట్టి" అని విరిచి, చదవని పుస్తకాన్ని మూడుసార్లు చదివించారు. సమస్య ఇచ్చిన నాకే ఈ విరుపు తట్టలేదు. రచయిత చెప్పక విడిచిన చోటు కోసం మళ్లీ వెనక్కి తిప్పడం, అదీ తీరిక చదువంటే. పొత్తం పక్కన "పేజి" కాస్త పంటికింద రాయే. అయితే "పుట" అంటే పి–పు యతి చెల్లదు కాబట్టి ఊరుకుంటున్నాను.

మూడో ఆయన ఒక్క పాదమే పంపారు: "కథల లోకాన నేనెంతొ దూరమేగి". క–దూ యతి లేదు. "దూరమేగి" బదులు "కాలముంటి" అంటే సరిపోతుంది. మిగతా పాదాలు రానివ్వండి.

— గురువుగారూ, మొదటి పూరణ నాదే. సవరణ తలకెత్తుకున్నాను. మీరన్నాక ఆ కొండ అడుగు పుస్తకం లాగి చూస్తే, 17వ పుటలో నిరుడు పెట్టిన బస్సు టికెట్టు కనబడింది. అంటే కొంత చదివినదే! నా పద్యం మొదటికే అబద్ధమండీ.